తగాదా పుట్టకముందే తీసుకున్న సంతకం

ఈమధ్య నేను వాడే ఒక ఆన్‌లైన్ సేవ తన నిబంధనలు మార్చుకున్నట్టు ఈమెయిల్ పంపింది. అలాంటి ఈమెయిళ్లను మనమందరం ఎలా చదువుతామో చెప్పనక్కర్లేదు. డిగ్రీ విద్యార్థులకు వాణిజ్య చట్టం చెప్పే ఉద్యోగం కాబట్టి, పాఠానికి పనికొస్తుందేమోనని ఈసారి కూర్చుని మొత్తం చదివాను. చివరికి వచ్చేసరికి రెండు పేరాలు కనిపించాయి. ఏ వివాదం వచ్చినా కోర్టుకు పోకుండా ఆర్బిట్రేషన్‌లోనే, అంటే కోర్టు బయట ఆర్బిట్రేటర్ అనే మధ్యవర్తి ఇచ్చే, ఇరుపక్షాలూ కట్టుబడవలసిన తీర్పుతోనే తేల్చుకోవాలని మొదటి పేరా చెబుతుంది. ఎవరి ఫిర్యాదు వారు విడిగా చేసుకోవాలే గానీ, మరొకరితో కలిసి గానీ ఇతరుల తరఫున గానీ ఏ దావాలోనూ చేరరాదని రెండవది చెబుతుంది. ఇకపై సేవను వాడుతూ ఉంటే ఈ రెండింటికీ ఒప్పుకున్నట్టేనని ఆ తర్వాతి వాక్యం.

నల్లగొండ కోర్టులో ప్రాక్టీసు చేసే ఒక మిత్రునికి వాటిని చూపించాను. ఆయన పూర్తిగా చదవకుండానే, "అది కాగితం మీద ఉండుడే గానీ మన వినియోగదారుల కమిషన్ల నడవదు" అని ఫోను తిరిగి ఇచ్చేశాడు. ఆ మాటలో చట్టప్రకారం తప్పేమీ లేదు. ఇదే షరతు అమెరికాలో ఎంత దూరం పోగలదో 2024 ఆగస్టులో చూశాం. వాల్ట్ డిస్నీ వారి ప్రాంగణంలోని ఒక రెస్టారెంటులో భోజనం చేశాక అలర్జీతో మరణించిన మహిళ భర్త దావా వేస్తే, ఆయన 2019లో డిస్నీ ప్లస్ ట్రయల్ తీసుకున్నప్పుడే ఆర్బిట్రేషన్‌కు ఒప్పుకున్నాడని ఆ కంపెనీ కోర్టులో వాదించింది. సంగతి బయటికి పొక్కి నలుగురూ దుమ్మెత్తిపోశాక ఆ వాదనను వెనక్కు తీసుకుంది. అటువంటిది ఇక్కడ సాగదని మిత్రుని ధీమా.

కొనేవారి విషయంలో ఆ ధీమాకు ఆధారం ఉంది. అయితే మన దగ్గర చర్చ అంతా కొనేవారి దగ్గరే ఆగిపోతున్నది. ఈ షరతు ఇక్కడ ఎవరి మెడకు చుట్టుకుంటున్నదో తెలియాలంటే, అదే వేదిక మీద సరుకు అమ్ముకునేవారిని, అదే యాప్ పెట్టుకుని బండి నడిపేవారిని చూడాలి. ఒక పక్షం రాసిపెట్టిన కాగితం మీద, తగాదా అనేదే లేని రోజున తీసుకున్న ఆర్బిట్రేషన్ అంగీకారాన్ని ఇటువంటి చిన్నవారి విషయంలో చట్టం అంగీకారంగా లెక్కపెట్టకూడదని, తగాదా వచ్చిన తర్వాత ఇచ్చిన ఒప్పుకోలు మాత్రమే చెల్లాలని నా అభిప్రాయం. దానికి ఎదురయ్యే అభ్యంతరాలు కూడా తేలికైనవేమీ కావు గనుక కాస్త నిదానంగా చెబుతాను.

పాలమూరు రైతులు కూడా గెలిచిన కేసు

కొనేవారికి ఉన్న రక్షణ ఊరికే వచ్చింది కాదు. నేషనల్ సీడ్స్ కార్పొరేషన్ విత్తనాలు వేసి నష్టపోయిన రైతులు కర్నూలు, మహబూబ్‌నగర్, గుంటూరు, ఖమ్మం, కాకినాడ జిల్లా వినియోగదారుల ఫోరాలకు (ఇప్పటి కమిషన్లకు పాత పేరు) పోయి గెలిచారు. కార్పొరేషన్ ఆ తీర్పుల మీద సుప్రీంకోర్టు దాకా పోయింది. విత్తనోత్పత్తి ఒప్పందం చేసుకున్న రైతు వ్యాపారం కోసం విత్తనం కొన్నాడు కాబట్టి వినియోగదారుడే కాడని, పైగా ఒప్పందంలో ఆర్బిట్రేషన్ షరతు ఉన్నందున ఫోరం ఆ ఫిర్యాదును వినరాదని దాని వాదన. 2012 జనవరిలో సుప్రీంకోర్టు రెండింటినీ తోసిపుచ్చింది. వినియోగదారుల చట్టం ఇచ్చిన దారి మిగతా దారులకు అదనంగా ఇచ్చినదనీ, ఆర్బిట్రేషన్‌కు పోవాలా ఫోరానికి పోవాలా అన్నది రైతు ఎంచుకోవలసిందనీ చెప్పింది.

2015లో ఆర్బిట్రేషన్ చట్టం 8వ సెక్షన్‌ను సవరించి, అంతకుముందు ఏ కోర్టు ఏ తీర్పు ఇచ్చి ఉన్నా సరే, చెల్లుబాటయ్యే ఒప్పందం పైకి కనిపిస్తే చాలు, వివాదాన్ని ఆర్బిట్రేషన్‌కు పంపాలన్నారు. ఇక పాత తీర్పులు చెల్లవని కంపెనీలు మళ్లీ మొదలుపెట్టాయి. 2018 డిసెంబరులో ఎమార్ ఎంజీఎఫ్ అనే ఇళ్ల నిర్మాణ కంపెనీ కేసులో సుప్రీంకోర్టు ఆ తలుపు కూడా మూసింది. 2019 నాటి కొత్త వినియోగదారుల రక్షణ చట్టం 100వ సెక్షన్‌లో పాత మాటనే నిలిపింది. ఫిర్యాదుదారు తాను నివసించే జిల్లాలోనే కేసు వేసుకోవచ్చని 34వ సెక్షన్‌లో కొత్తగా చేర్చింది. చెల్లించిన సొమ్ము 5 లక్షల రూపాయలు దాటకపోతే ఫీజు కూడా లేదు. మిర్యాలగూడలో ఉండి ఫోను కొన్న మనిషికి ఒప్పందంలో ఏ మహానగరం పేరు రాసి ఉన్నా, నల్లగొండ కమిషన్‌కు పోతే చాలు.

ఇందులోనూ కొన్ని మెలికలు ఉన్నాయి. ఒప్పందంలోని షరతే అన్యాయమైనదని, దాన్ని కొట్టివేయాలని అడగదలిస్తే జిల్లా కమిషన్‌కు ఆ అధికారం లేదు. రాష్ట్ర కమిషన్‌కు, అంటే హైదరాబాదుకు, పోవాలి. నలుగురు కలిసి అందరి తరఫునా ఒకే ఫిర్యాదు వేయడానికి 35వ సెక్షన్ దారి ఇచ్చినా, కమిషన్ అనుమతి కావాలి. అందరి ప్రయోజనమూ ఒకటేనని ఫిర్యాదులోనే చూపించాలని 2021 డిసెంబరులో బ్రిగేడ్ ఎంటర్‌ప్రైజెస్ కేసులో సుప్రీంకోర్టు గట్టిగా చెప్పింది. చట్టం ఇచ్చిన ఈ సామూహిక హక్కును ఒక క్లిక్కుతో వదులుకోవడం చెల్లదనే నేను అనుకుంటాను. అయినా ఆ వాక్యాన్ని చదివి, నిజమే కాబోలని ఇంట్లో కూర్చున్నవారు ఎంతమందో ఎవరూ లెక్కపెట్టలేరు. చెల్లని షరతును కూడా కంపెనీలు నిబంధనల్లోంచి తీసివేయకపోవడానికి ఇంతకంటే వేరే కారణం నాకు తోచడం లేదు.

పుట్టపాకలో ఒక సెల్లర్ ఖాతా

పుట్టపాక ఇప్పుడు యాదాద్రి భువనగిరి జిల్లాలో ఉన్నా, మా వాళ్ల నోట ఇంకా నల్లగొండే. మా మేనమామ కుటుంబం అక్కడ మగ్గం మీదనే బతుకుతున్నది. తేలియా రుమాల్ అనే ఇక్కడి నేతకు 2020లో భౌగోళిక గుర్తింపు (జీఐ) వచ్చాక బయటి ఊళ్ల నుంచి అడిగేవారు పెరగడంతో, మా బావ ఒక ఆన్‌లైన్ అమ్మకాల వేదికలో సెల్లర్ ఖాతా తెరిచాడు. కొంతకాలం బాగానే నడిచింది. దళారి లేకుండా డబ్బు నేరుగా బ్యాంకులో పడడం ఆ ఇంట్లో పెద్ద సంగతి. అది చెప్పకుండా మిగతాది చెబితే న్యాయం కాదు.

ఒకసారి డబుల్ ఇక్కత్ పట్టుచీర ఒకటి 38,000 రూపాయలకు అమ్ముడైంది. పడుగుకూ పేకకూ రెండింటికీ చిటికి కట్టి, రంగులద్ది, ఇంటిల్లిపాదీ చేసిన పని. కొన్నవారు నచ్చలేదని తిరిగి పంపారు. పెట్టె విప్పితే లోపల ఉన్నది అచ్చు వేసిన పాలిస్టర్ చీర. బావ పెట్టె విప్పుతూ వీడియో కూడా తీసి ఉంచాడు. పార్సిలు మీది లేబుల్ వీడియోలో స్పష్టంగా లేదని వేదికవారు ఫిర్యాదును మూసివేశారు. మళ్లీ మళ్లీ అడిగినందుకో మరెందుకో గానీ కొద్ది రోజులకు ఖాతా నిలిచిపోయింది. అంతకుముందు అమ్మిన చీరల డబ్బు కూడా విచారణ పేరుతో ఆగింది. అన్నీ కలిపితే లక్షకు కాస్త తక్కువ. కారణం అడిగితే ప్రతిసారీ ఒకే రకం జవాబు, కింద ఒక్కోసారి ఒక్కో పేరు.

బావ పంపిన అగ్రిమెంటులో షరతు స్పష్టంగానే ఉంది: కంపెనీ నియమించే ఏకైక ఆర్బిట్రేటర్, స్థానం బెంగళూరు, విచారణ ఇంగ్లీషులో, ఇతర సెల్లర్లతో కలిసి ఏ దావా వేయరాదు. నేను ఒక్కొక్క దారే వెతుక్కుంటూ పోయాను.

వినియోగదారుల కమిషన్‌కు పోవచ్చా? 1986 నాటి వినియోగదారుల చట్టం 2002 సవరణ తర్వాత, స్వయం ఉపాధితో జీవనం కోసం కొన్న వస్తువులనే గాక పొందిన సేవలను కూడా వ్యాపార ప్రయోజనం కింద లెక్కించకుండా మినహాయించింది. 2019 చట్టంలో ఆ వివరణను తిరగరాసినప్పుడు వస్తువులు మిగిలాయి, సేవలు జారిపోయాయి. పాలమూరు రైతు విత్తనం కొన్నాడు కాబట్టి 2012లో వినియోగదారుడయ్యాడు. పుట్టపాక నేతగాడు వేదిక సేవను వాడుకుంటాడు కాబట్టి ఇప్పుడు ఆ గడప దాటలేడు. కొన్ని పదాలు తీసివేయడం వల్ల ఎంతమంది బయట పడ్డారన్న చర్చ నాకు పత్రికల్లో ఎక్కడా కనబడలేదు.

దగ్గరి సివిల్ కోర్టులో దావా వేయవచ్చా? వేయవచ్చు. కంపెనీ వకీలు మొదటి జవాబుతో పాటే 8వ సెక్షన్ కింద దరఖాస్తు పెడతాడు. ఒప్పందం పైకి సక్రమంగా కనిపిస్తే కోర్టు దావాను పక్కనపెట్టి ఆర్బిట్రేషన్‌కు పంపవలసిందే.

పోనీ ఆర్బిట్రేషన్‌కే పోదామంటే ఖర్చు లెక్క చూడాలి. ఆర్బిట్రేషన్ చట్టం నాలుగవ షెడ్యూలులో ఫీజుల నమూనా ఉంది. వివాదం విలువ 5 లక్షల రూపాయల లోపు అయితే 45,000. ఆర్బిట్రేటర్ ఒక్కడే అయితే దాని మీద మరో 25 శాతం. మొత్తం 56,250 రూపాయలు. అది నమూనా మాత్రమేననీ, అన్నిచోట్లా అదే తప్పనిసరి కాదనీ 2022లో ఓఎన్‌జీసీ కేసులో సుప్రీంకోర్టు చెప్పిన మాట నిజమే. అయినా లక్ష రూపాయల తగాదాకు ఆర్బిట్రేటర్ ఫీజు ఏ స్థాయిలో ఉంటుందో అంచనా కట్టడానికి అది చాలు. ఇద్దరూ చెరిసగం భరించినా, వకీలు ఫీజు, దారిఖర్చులు వేరే. ఇదంతా విని బావ, "బెంగుళూరు పోయి వచ్చుడుకే ఇంకో చీర పైసలు కావాలె" అన్నాడు.

కంపెనీయే ఆర్బిట్రేటర్‌ను నియమించడం చెల్లదు గదా అని నా విద్యార్థి ఒకరు అడిగారు. మంచి ప్రశ్న. 2019 నవంబరులో పెర్కిన్స్ ఈస్ట్‌మన్ కేసులో, వివాదం ఫలితంలో ప్రయోజనం ఉన్నవారు ఏకైక ఆర్బిట్రేటర్‌ను నియమించరాదని సుప్రీంకోర్టు తేల్చింది. 2024 నవంబరులో అయిదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనం, ఆర్బిట్రేటర్ల నియామకంలో కూడా ఇరుపక్షాలకూ సమానత ఉండాలని స్థిరపరిచింది. ఈ తీర్పులు మంచివే, కానీ వాటిని వాడుకోవాలంటే ఒప్పందంలో స్థానంగా రాసిన ఊరి హైకోర్టుకు పోవాలి. ప్రొద్దుటూరు కేబుల్ టీవీ వ్యాపార సంస్థ ఒకటి ఇలాగే సిటీ కేబుల్ నియమించిన ఆర్బిట్రేటర్‌ను తొలగించమని అడిగి 2020 జనవరిలో గెలిచింది. గెలిచింది ఢిల్లీ హైకోర్టులో. కడప జిల్లా నుంచి ఢిల్లీ దాకా పోగలిగిన స్తోమత ఉన్న వ్యాపారానికి ఆ గెలుపు దక్కింది. అదీ తీర్పు ఇవ్వవలసిన మనిషిని మార్పించుకోవడానికే. అసలు తగాదా ఆ తర్వాత మొదలవుతుంది.

చిన్న పరిశ్రమల చట్టం సంగతి కూడా చూశాను, ఎందుకంటే అందులో ఆశ పుట్టించే ఏర్పాటు ఉంది. 2006 నాటి ఎంఎస్ఎంఈడీ చట్టం ప్రకారం కొన్నవాడు 45 రోజుల లోపు డబ్బు చెల్లించకపోతే, బ్యాంకు రేటుకు మూడింతల చక్రవడ్డీ కట్టాలి. సరఫరాదారు ఉన్నచోటి ఫెసిలిటేషన్ కౌన్సిలే వివాదాన్ని విచారిస్తుంది, కొన్నవాడు దేశంలో ఎక్కడ ఉన్నా సరే. పైగా 2022 అక్టోబరులో మహాకాళి ఫుడ్స్ కేసులో, ప్రైవేటు ఆర్బిట్రేషన్ ఒప్పందం కంటే ఈ చట్టానిదే పైచేయి అని సుప్రీంకోర్టు అన్నది. చిన్న పరిశ్రమగా ప్రభుత్వం దగ్గర ఉద్యమ్ నమోదు ఉన్న నేతగాడు ఒక దుకాణానికి టోకుగా చీరలు అమ్మితే ఈ కవచం అతనికి ఉంటుంది. వేదిక దగ్గర మాత్రం పనిచేయదు. వేదిక చీరను కొనదు. కొనేవారినీ అమ్మేవారినీ కలిపే సంధానకర్తను మాత్రమే నేనంటుంది. విదేశీ పెట్టుబడి ఉన్న మార్కెట్‌ప్లేస్ సొంతంగా సరుకు పెట్టుకుని అమ్మకూడదని ప్రభుత్వ నిబంధనలే ఉన్నాయి గనుక, ఆ మాటను అబద్ధమనడానికి కూడా లేదు.

ఇక చివరికి మిగిలేది కాంట్రాక్టు చట్టం. బేరమాడే శక్తిలో పొంతనే లేనప్పుడు బలవంతుడు రాసిన అన్యాయమైన షరతును కోర్టు అమలు చేయదని 1986లో సెంట్రల్ ఇన్‌లాండ్ వాటర్ ట్రాన్స్‌పోర్ట్ కేసులో సుప్రీంకోర్టు చెప్పిన తీర్పును ఏటా క్లాసులో చెబుతాను. అదే తీర్పులో, ఇరుపక్షాలూ వ్యాపారులై, అది వాణిజ్య లావాదేవీ అయితే ఈ సూత్రం వర్తించకపోవచ్చన్న మాట కూడా ఉంది. రెండు మగ్గాలున్న ఇంటిని, దేశమంతటా గోదాములున్న కంపెనీని "ఇరువురు వ్యాపారులు" అన్న ఒకే గాటన కట్టడానికి ఆ మాట చాలు. బావ చివరకు ఆ డబ్బు మీద ఆశ వదిలేసి, ఇప్పుడు వాట్సాప్‌లో తెలిసినవారికి ముందుగా సొమ్ము తీసుకుని అమ్ముకుంటున్నాడు.

బండి నడిపేవారి పరిస్థితి కూడా ఇంతే. కెనడాలో ఊబర్ డ్రైవరు హెల్లర్ కేసులో, వివాదాన్ని ఆమ్‌స్టర్‌డామ్‌లో తేల్చుకోవాలని, దానికి మొదటే 14,500 అమెరికన్ డాలర్లు కట్టాలని తేలింది. ఆయన వారానికి సంపాదించేది 400 నుంచి 600 కెనడా డాలర్లు. 2020 జూన్‌లో కెనడా సుప్రీంకోర్టు ఆ షరతును అన్యాయమని కొట్టివేసింది. హైదరాబాదులో క్యాబులు నడిపే మన జిల్లాల యువకులు ఆ తీర్పును ఇక్కడ ఉదహరించవచ్చునే గానీ, ఇక్కడి కోర్టులను అది కట్టిపడేయదు.

పంచాయితీకి ఒప్పుకున్నవాళ్లం గదా

ఈ గొడవంతా విన్న మా మేనమామ నన్నొక ప్రశ్న వేశాడు. "ఊళ్లె పెద్దమనుషుల ముందట కూసుంటే ఒప్పుకుంటం, కోర్టుకు పోవద్దనే చెప్తం. ఆళ్లు చెప్పేది గూడ గదేనాయె, నీకేం నొప్పి?" నాకు ఎదురైన అభ్యంతరాల్లో అన్నింటికంటే బలమైనది ఇదే. చట్టం చదివిన వారెవరూ దీన్ని అడగలేదు.

ఊరి పంచాయితీని నేను పొగడదలచుకోలేదు. అక్కడ ఆడవారి మాటకూ దళితుల మాటకూ ఎంత విలువ దక్కిందో, పంచాయితీకి ముందు పెట్టించిన ధరావతు సొమ్ము ఎవరి చేతిలో ఇరుక్కుపోయిందో మనకు తెలియనిది కాదు. అయినా అన్నదమ్ముల భూమి తగాదాలో ఆ తీర్పు నిలబడుతున్నదంటే దానికి కారణాలున్నాయి. ఇద్దరూ చెరో పెద్దమనిషిని పెట్టుకుంటారు. కూర్చునేది అందరికీ తెలిసిన చోట, మాట్లాడేది అందరికీ వచ్చిన భాషలో. చుట్టూ జనం ఉంటారు కాబట్టి పక్షపాతం చూపిన పెద్దమనిషిని మరుసటిసారి ఎవరూ పిలవరు. అన్నింటికంటే ముఖ్యం, పంచాయితీ పెట్టుకుందామన్న మాట తగాదా వచ్చాక పుడుతుంది. ఏ విషయం మీద, ఎంత సొమ్ము మీద, ఎవరితో అన్నది తెలిసి ఒప్పుకుంటారు.

సెల్లర్ అగ్రిమెంటులోని ఆర్బిట్రేషన్‌కు పేరులో తప్ప ఈ లక్షణాల్లో ఒక్కటీ లేదు. 2019 సవరణతో చేర్చిన 42ఏ సెక్షన్ ప్రకారం ఆ విచారణ గోప్యంగా ఉంచవలసినది. ఒక ఆర్బిట్రేటర్ ముందుకు అదే కంపెనీ మళ్లీ మళ్లీ వస్తుంది, నేతగాడు జన్మకొక్కసారి వస్తాడు. గోప్యత వల్ల ఆ తీర్పుల్లో ఎన్ని ఎవరి పక్షాన వచ్చాయో తరువాతి నేతగాడికి తెలిసే మార్గం లేదు. పెద్ద కంపెనీల మధ్య ఈ గోప్యత పనికొచ్చేదే కావచ్చు. ఇద్దరికీ ఒకరి చరిత్ర ఒకరికి తెలుసు, ఇద్దరికీ వకీళ్లున్నారు. మామయ్యకు ఇదే చెప్పాను. ఆయన పూర్తిగా ఒప్పుకోలేదు. కోర్టుకు పోయిన మన ఊరివాళ్ల గతి చూసినవా అన్నాడు. ఆ మాటకు తర్వాత వస్తాను.

ఒక్కొక్కరుగా రమ్మనడం

రెండు షరతుల్లో ఏది ఎక్కువ చెరుపు అని అడిగితే, కలిసి రావద్దన్నదే అంటాను. అమెరికాలో ఆర్బిట్రేషన్ చట్టం 1925లో వచ్చింది; వ్యాపారులు తమలో తాము చేసుకునే ఒప్పందాల కోసమే దాన్ని ప్రధానంగా ఉద్దేశించారు. 2011లో అక్కడి సుప్రీంకోర్టు తేల్చిన ఏటీ అండ్ టీ మొబిలిటీ అనే ఫోను కంపెనీ కేసుతో అది మరో దారి పట్టింది. ఉచితమని చెప్పిన ఫోను మీద అమ్మకం పన్ను కింద వసూలు చేసిన 30 డాలర్ల 22 సెంట్లు అక్కడ తగాదా. అంత చిన్న మొత్తం కోసం ఎవరూ ఒంటరిగా పోరాడరని, అందరూ కలిసి రావద్దనడం హక్కునే లేకుండా చేయడమని నలుగురు న్యాయమూర్తులు విభేదించినా, అయిదుగురి మెజారిటీతో కంపెనీ షరతు నిలిచింది.

తర్వాత జరిగింది మరీ విచిత్రం. సరే, ఒక్కొక్కరుగానే వస్తామని అక్కడి వకీళ్లు వేలమందితో విడివిడిగా ఆర్బిట్రేషన్ దరఖాస్తులు పెట్టించారు. కంపెనీలు రాసిన ఒప్పందం ప్రకారమే ప్రతి దరఖాస్తుకూ ఫీజులో పెద్ద భాగం కంపెనీయే కట్టాలి. 2020 ఫిబ్రవరిలో డోర్‌డాష్ కంపెనీని 5,010 మంది డెలివరీ పనివారితో విడివిడిగా ఆర్బిట్రేషన్‌కు పొమ్మని కాలిఫోర్నియాలోని ఫెడరల్ న్యాయమూర్తి విలియం ఆల్సప్ ఆదేశించాడు. ఫీజులే దాదాపు 95 లక్షల డాలర్లు. ఏళ్ల తరబడి కలిసి రావద్దన్న కంపెనీయే అందరినీ ఒకే ఒప్పందంలో తేల్చేస్తానని బతిమాలుకోవలసి వచ్చింది. 75,000కు పైగా దరఖాస్తులు ఎదురైన అమెజాన్ 2021లో అక్కడి వినియోగదారుల ఒప్పందం నుంచి ఆర్బిట్రేషన్ షరతునే తీసేసింది. వేగం, తక్కువ ఖర్చు, నిపుణుల తీర్పు అంటూ ఆర్బిట్రేషన్ గురించి చెప్పే గొప్పలను నేను ఈ ఉదంతం తర్వాత కొంచెం వేరుగా వింటున్నాను. ఎవరూ రానంత కాలమే ఆ షరతు వాళ్లకు చవక.

ఆ ఆయుధం మన దగ్గర పనిచేయదు. గెలిస్తే వచ్చేదానిలో వాటా తీసుకునే పద్ధతిని బార్ కౌన్సిల్ నియమాలు ఇక్కడి వకీళ్లకు నిషేధించాయి. కేసుల కోసం ప్రకటనలు ఇవ్వడం కూడా నిషిద్ధమే. ఆ నియమాలకు వాటి కారణాలు ఉన్నాయి, వాటిని ఎత్తివేయమని నేననను. కానీ ఫలితం చూడండి. పోచంపల్లి, పుట్టపాక, కొయ్యలగూడెం, నారాయణపేట, గద్వాల నేతగాళ్లలో ఇదే విధంగా డబ్బు ఆగినవారు పదిమంది ఉన్నారనుకుందాం. విడివిడిగా చూస్తే ఏ ఒక్కరి మొత్తానికీ వకీలు దొరకడు. కలిపి వేస్తే దొరుకుతాడు. సివిల్ ప్రొసీజర్ కోడ్ మొదటి ఆర్డరు ఎనిమిదో రూలు అటువంటి ప్రాతినిధ్య దావాకు ఎప్పటినుంచో చోటిస్తున్నది. అగ్రిమెంటు సరిగ్గా అక్కడే గడియ పెట్టింది.

ఎదుటివైపు నుంచి చూస్తే

మామయ్య అడిగిన కోర్టుల సంగతికి వస్తాను. సివిల్ దావా ఎన్నేళ్లు నడుస్తుందో ఈ జిల్లాల్లో భూమి ఉన్న ఏ కుటుంబాన్నడిగినా చెబుతారు. ఆర్బిట్రేషన్‌లో ఇరుపక్షాల వాదపత్రాలు పూర్తయిన 12 నెలల లోపు తీర్పు రావాలని చట్టం 29ఏ సెక్షన్ గడువు పెట్టింది. వినియోగదారుల కమిషన్‌కు చట్టం పెట్టిన గడువు మూడు నెలలు. అది ఎంత తరచుగా దాటిపోతుందో ఆ వరండాల్లో నిలబడినవారికి తెలుసు. కాబట్టి ఆర్బిట్రేషన్‌ను తీసేసి కోర్టుకు పొమ్మనడం ఉపకారమేనా అన్నది నిజమైన సందేహం. దీనికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. ఉన్నంతలో చెప్పగలిగింది ఇది: కోర్టు నిదానం గనుక ఆర్బిట్రేషనే మేలని నేతగాడు తగాదా వచ్చిన రోజున అనుకుంటే, ఆ రోజున ఒప్పుకోవడానికి అతన్ని ఆపేవారు లేరు. నిజంగా మేలైన దారి అయితే ముందుగా కట్టేసుకోవలసిన అవసరం కంపెనీకి ఎందుకు?

ఆన్‌లైన్ విచారణలు వచ్చాయి గదా, బెంగళూరు ప్రయాణం ఎక్కడిది అన్నది మరో మాట. 2021లో నీతి ఆయోగ్ కూడా ఆన్‌లైన్ వివాద పరిష్కారానికి ఒక విధాన ప్రణాళికను ప్రకటించింది. ఇందులో నాకు నిజంగానే ఆశ ఉంది. పుట్టపాకలో కూర్చుని, తెలుగులో మాట్లాడి, వీడియో చూపించి, వారం పది రోజుల్లో తేల్చుకోగలిగితే అంతకంటే ఏం కావాలి? అయితే ఆ పరిష్కార సంస్థను ఎంచుకునేదీ, దానికి నెలనెలా పని ఇచ్చేదీ కంపెనీ ఒక్కటే అయితే, పెర్కిన్స్ తీర్పు ముందు తలుపులోంచి పంపేసిన ఆర్బిట్రేటర్ వెనక తలుపులోంచి వచ్చినట్టే. 2024 అక్టోబరులో లైవ్ నేషన్ అనే టికెట్ల కంపెనీ కేసులో అమెరికాలోని తొమ్మిదో సర్క్యూట్ ఫెడరల్ అప్పీలు కోర్టు, ఒక కొత్త ఆన్‌లైన్ ఆర్బిట్రేషన్ సంస్థ నియమాలను అన్యాయమైనవని అమలు చేయ నిరాకరించడం ఇక్కడ గమనించదగినది.

సామూహిక దావాల్లో వకీళ్లు బాగుపడి బాధితులకు చిల్లర దక్కుతుందన్న విమర్శలో కూడా కొంత నిజం ఉంది. అమెరికా పద్ధతిని యథాతథంగా తెచ్చుకోవాలని నేను కోరడం లేదు. ఖర్చులు పెరిగి వేదికలు కమిషను పెంచుతాయన్న వాదనను మాత్రం లెక్కలు చూపిస్తే తప్ప నమ్మను.

ఏం మార్చాలి

నేను కోరే సూత్రం మన ఆర్బిట్రేషన్ చట్టంలోనే ఉంది. 2015లో చేర్చిన 12వ సెక్షన్ అయిదవ ఉపవిభాగం, కంపెనీ ఉద్యోగి, సలహాదారు వంటివారు ఆర్బిట్రేటర్లుగా ఉండరాదంటుంది. దానికి ఒకే మినహాయింపు: వివాదం తలెత్తిన తర్వాత ఇరుపక్షాలూ రాతపూర్వకంగా ఒప్పుకుంటే ఆ నిషేధాన్ని వదులుకోవచ్చు. ముందుగా రాసుకున్న ఒప్పుకోలు లెక్కలోకి రాదు. ఆర్బిట్రేటర్ ఎవరన్న విషయంలో ఇంత జాగ్రత్త పడిన చట్టం, అసలు ఆర్బిట్రేషనే కావాలా అన్న విషయంలో అదే జాగ్రత్త ఎందుకు చూపదు? బేరానికి తావులేని అచ్చు ఒప్పందాల్లో, ఎదుటివారు సూక్ష్మ పరిశ్రమగా గానీ స్వయం ఉపాధి మీద గానీ బతికేవారైతే, ఆర్బిట్రేషన్ షరతుకూ కలిసి రావద్దన్న షరతుకూ ఇదే నియమం పెట్టవచ్చు.

యూరప్ అమ్మేవారి గురించి విడిగా ఆలోచించింది. 2019లో చేసి 2020 జులై నుంచి అమలు చేస్తున్న నియమావళి ప్రకారం, వేదిక ఒక సెల్లర్ ఖాతాను నిలిపితే కారణాలు రాతలో ఇవ్వాలి. చిన్నవాటిని మినహాయించి మిగతా వేదికలన్నీ సెల్లర్ల ఫిర్యాదులకు అంతర్గత ఏర్పాటు పెట్టుకోవాలి. అమ్మకందారుల సంఘాలు తమ సభ్యుల కోసం కోర్టుకు పోవచ్చు. మన 2020 ఈ-కామర్స్ నియమాలు ఫిర్యాదుల అధికారిని పెట్టమన్నాయి, 48 గంటల్లో అందినట్టు చెప్పి నెలలోగా పరిష్కరించమన్నాయి. అవన్నీ కొనేవారి ఫిర్యాదులకే. అమ్మేవారికి కూడా అదే అధికారిని అందుబాటులో ఉంచడానికి పార్లమెంటు దాకా పోనవసరం లేదనుకుంటాను. ఎంఎస్ఎంఈ కౌన్సిళ్ల విచారణ పరిధిలోకి, కొనేవానితో పాటు కొనుగోలు సొమ్మును తన చేతిలో పట్టి ఉంచిన వేదికను కూడా చేర్చడం మరొక మార్గం. దానికి మాత్రం చట్టసవరణ కావాలి.

సవరణ వచ్చినా ఒక చిక్కు మిగిలి ఉంటుంది. 2015 సవరణలు పాత ఒప్పందాలకు, అప్పటికే మొదలైన విచారణలకు వర్తిస్తాయా లేదా అన్న దాని మీదనే ఏళ్ల తరబడి వాదనలు నడిచి, 2018లో బీసీసీఐ, కొచ్చి క్రికెట్ కేసు దాకా పోయాయి. ఇప్పటికే తెరిచి ఉన్న సెల్లర్ ఖాతాల వెనుక ఈ షరతులకు ఇచ్చిన ఒప్పుకోళ్లు ఉన్నాయి. కాబట్టి కొత్త నియమం ఎప్పుడు రాసినా, ఒప్పందం ఏ తేదీదైనా సరే, నియమం అమల్లోకి వచ్చిన తర్వాత పుట్టిన ప్రతి వివాదానికీ అది వర్తిస్తుందన్న వాక్యం అందులోనే ఉండాలి.